ఆటిజం ఉన్న పిల్లలకు ఈటింగ్ డిజార్డర్ వస్తే చికిత్సను వాళ్లకు తగ్గట్టు మార్చుకోవడం ఎలా?

మా అమ్మాయికి ఇప్పుడు 19 ఏళ్లు. ఇంటర్ రెండో ఏడాది హాస్టల్లో ఉండగా తిండి తగ్గించేసింది, సంక్రాంతికి గుంటూరు వచ్చినప్పుడు గాజులు మోచేతి దాకా జారుతుంటే గానీ మాకు తెలియలేదు. మొదట చూపించిన చోట "మొండితనం అండీ, ఆకలేస్తే తనే తింటుంది" అన్నారు. రెండో చోట అనొరెక్సియా (లావైపోతానన్న భయంతో తిండి తగ్గించేసే జబ్బు) అని చెప్పి డైట్ చార్ట్ ఇచ్చారు, ఆ చార్ట్ పట్టుకుని ఆరు నెలలు ఇంటిల్లిపాదీ ఏడ్చాం. తనకు ఆటిజం ఉందని తెలిసింది ఆ తర్వాత. అప్పుడు చికిత్సను తనకు తగ్గట్టు మారిస్తే, అదే పిల్ల, అదే వంటిల్లు, తినడం మొదలైంది. అందుకే రాస్తున్నా. పిల్ల సహకరించట్లేదు అని ఎవరైనా అంటే, చికిత్స ఆ పిల్లకు సరిపడుతోందా అని ఒకసారి అడగండి.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. అనొరెక్సియాతో వైద్యానికి వచ్చే ఆడపిల్లల్లో, మహిళల్లో సుమారు 20 నుంచి 30 శాతం మందిలో ఆటిజం లక్షణాలు కనిపిస్తాయని పరిశోధనలు చెబుతున్నాయి, చాలామందికి ఆ సంగతి పెద్దయ్యేదాకా తెలియదు. లండన్‌లో మాడ్‌స్లీ ఆసుపత్రి వాళ్లు వీళ్ల కోసమే పీస్ అనే ప్రత్యేక పద్ధతి తయారుచేశారు. కింద నేను చెప్పే మార్పుల్లో కొన్ని అక్కడివే, మిగతావి మా వంటింట్లో నేర్చుకున్నవి.

1. ముందు ప్రాణం సంగతి చూడండి

కళ్లు తిరిగి పడిపోతున్నా, నాడి నిమిషానికి 50 కంటే తక్కువ కొట్టుకుంటున్నా, గుండె దడగా ఉన్నా, నీళ్లు కూడా తాగకపోయినా ఇంకేమీ ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్లండి. మన బెజవాడ ఎండల్లో నీళ్లు మానేస్తే ఒక్క రోజులో పరిస్థితి తిరగబడుతుంది. రోజుల తరబడి ఏమీ తినని మనిషికి భయంతో ఒకేసారి కడుపునిండా పెట్టేయకూడదు, రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం ఒక్కసారిగా పడిపోయి గుండెకు ప్రమాదం వస్తుంది. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. ఎంతతో మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి, రక్త పరీక్షలు చేస్తూ పెంచాలి.

2. ఎందుకు తినట్లేదో విడదీసి చూడండి

అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే, అందరూ తొందరపడి దాటేసేదీ ఇదే. తినకపోవడం పైకి ఒకేలా కనిపిస్తుంది, లోపల కారణాలు వేరువేరు.

లావైపోతానన్న భయంతో తిండి తగ్గిస్తే అది అనొరెక్సియా వైపు. బరువు గురించి పట్టింపే లేదు, కానీ వాసన, మెత్తదనం, రంగు పడక కొన్నే తింటారు, లేదా గొంతులో అడ్డం పడుతుందని భయం, లేదా అసలు తిండి మీద ఆసక్తే లేదు, దాంతో బరువో పోషకాలో పడిపోతున్నాయి అంటే అది ఆర్ఫిడ్. మానసిక జబ్బులను గుర్తించడానికి డాక్టర్లు వాడే డీఎస్ఎం-5 అనే పుస్తకంలో 2013లో దీన్ని వేరే జబ్బుగా చేర్చారు. రెండూ కలిసి ఉండేవాళ్లూ ఉన్నారు. ఆర్ఫిడ్ ఉన్న పిల్లను కూర్చోబెట్టి "నువ్వు లావుగా లేవమ్మా" అని గంటసేపు చెబితే ఏం లాభం? తన బాధ బెండకాయ జిగురు.

మూడో కారణం మాకు అస్సలు తట్టలేదు. ఆటిజం ఉన్న చాలామందికి ఆకలి, దాహం, కడుపు నిండటం లాంటి కబుర్లు ఒంట్లోంచి సరిగ్గా అందవు. మా అమ్మాయి ఆకలేస్తే కడుపు అనదు, "తల బరువుగా ఉంది, లైట్లు గుచ్చుకుంటున్నాయి" అంటుంది. అలాంటి మనిషికి "ఆకలేసినప్పుడు తిను" అనే సలహా ఇస్తే ఆ రోజంతా పస్తే.

ఇక పుప్పిపళ్లు, మలబద్ధకం, ఛాతీలో మంట, ఇవి ముందుగా చూపించండి, నొప్పి ఎక్కడో చెప్పలేక తిండి మానేసేవాళ్లు ఉంటారు. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య) కోసం మిథైల్‌ఫెనిడేట్ అనే మందు వాడుతుంటే అది ఆకలిని చంపుతుంది, డాక్టర్‌తో చెప్పి వేళలు సర్దించుకోండి, సొంతంగా మాత్రం ఆపకండి. ఏళ్ల తరబడి మూడు నాలుగు పదార్థాల మీదే ఉన్నవాళ్లకు ఐరన్, బి12, విటమిన్ డి పరీక్షలు చేయించండి. విటమిన్ సి బొత్తిగా అందక చిగుళ్ల నుంచి రక్తం కారడం, కాళ్ల నొప్పితో నడవలేకపోవడం దాకా వెళ్లిన పిల్లలు ఉన్నారు.

3. ఒక పేజీ రాసి డాక్టర్ చేతిలో పెట్టండి

విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో కిక్కిరిసిన ఓపీలో మీకు దొరికేది కొద్ది నిమిషాలు. ఆ టైమ్‌లో పిల్ల మాట్లాడదు, మీరు కంగారులో సగం మర్చిపోతారు. కాబట్టి ముందు రోజే ఒక పేజీ రాయండి: ఏం తింటుంది, ఏది ముట్టదు, ఏ శబ్దం, ఏ వాసన పడదు, టెన్షన్ వస్తే ఏం చేస్తుంది, ఎలా అడిగితే జవాబు చెబుతుంది. పిల్లతో కలిసి రాస్తే మంచిది. మా పేజీలో మొదటి వాక్యం తనే రాసింది, "నేను కళ్లలోకి చూడకపోయినా వింటున్నాను" అని.

గుంటూరు, విజయవాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లోనూ మంగళగిరి ఎయిమ్స్‌లోనూ సైకియాట్రీ విభాగాలు ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. సైకియాట్రిస్ట్, డైటీషియన్, మామూలు ఫిజీషియన్, ఈ ముగ్గురికీ అదే పేజీ ఇవ్వండి. లేదంటే ఒకరు కట్టిందాన్ని ఇంకొకరు తెలియక విప్పేస్తారు.

4. కంచం దగ్గర మార్పులు

మా ఇంట్లో మొదటి మార్పు ఒక గళ్ల స్టీలు కంచం. రెండిడ్లీలు పెట్టి పక్కన సాంబార్ పోస్తే, సాంబార్ పారి ఇడ్లీ అంచు తడవగానే తను చెయ్యి వెనక్కి తీసుకునేది. "అమ్మా, తగిలింది" అనేది, అంతే, ఆ పూట తిండి అయిపోయినట్టే. నేను దాన్ని వంకలు అనుకున్నా. నిజానికి తడిసిన ఇడ్లీ తన నోట్లో వేరే పదార్థం. గళ్ల కంచం వచ్చాక ఆ గొడవ లేదు.

ఇంకోటి, చేత్తో కలుపుకోవడం. పప్పన్నం వేళ్లకు అంటుకుంటే భరించలేనివాళ్లు ఉంటారు, స్పూన్ ఇవ్వండి, దాని గురించి ఎవరూ వ్యాఖ్యానించకండి. బియ్యం బస్తా మారినప్పుడు ముందే చెప్పండి, కొత్త బియ్యం ముద్దయిపోతుంది, మీకు తేడా తెలియకపోవచ్చు, వాళ్లకు మొదటి ముద్దకే తెలుస్తుంది. పోపు ఘాటు, మిక్సీ మోత, కుక్కర్ విజిల్ అన్నీ అయ్యాక పిలవండి. ఫ్యాన్ కింద, గోడ వైపు ఒకే చోటు, ఒకే వేళ. తింటూ కాలు ఊపినా, చెవిలో పాటలు పెట్టుకున్నా ఊపనివ్వండి, విననివ్వండి.

ఆకలి మీద కాకుండా గడియారం మీద నడపండి. ఉదయం 8, 11, మధ్యాహ్నం 1:30, సాయంత్రం 5, రాత్రి 8, అలారం మోగితే తినడమే. "కొంచెం తిను", "సరిపడా తిను" అంటే ఎంతో వాళ్లకు అర్థం కాదు. డైటీషియన్ చెప్పిన కొలతను కప్పుల్లో, ఇడ్లీల లెక్కలో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. అయితే కేలరీల అంకెలకే అతుక్కుపోయే పిల్లల దగ్గర అంకెలు దాచి, గిన్నెల ఫొటోలు పెట్టండి. మా అమ్మాయి బరువును కూడా అంకె తనకు కనిపించకుండా మెషీన్‌ మీద వెనక్కి తిప్పి నిలబెట్టి చూసేవాళ్లు.

5. కౌన్సెలింగ్‌లో ఏం అడగాలి

"నీకెలా అనిపిస్తోంది?" అనే ప్రశ్నకు మా పిల్ల నెలల తరబడి "తెలీదు" అనే చెప్పింది. దాచడం కాదు, నిజంగా తెలీదు. తమ భావాలకు పేరు పెట్టలేకపోవడం ఆటిజం ఉన్నవాళ్లలో సుమారు సగం మందికి ఉంటుంది. ఒకటి నుంచి పది దాకా అంకె చెప్పమనడం, కార్డులు, రాసి చూపించడం, వాట్సాప్ మెసేజ్, వీటితో పని జరుగుతుంది. అదే గది, వారంలో అదే రోజు, అదే గంట ఉండేలా అడగండి, సెషన్‌లో ఏం చేస్తారో ముందే చెప్పమనండి. గ్రూప్ థెరపీ పడకపోతే బలవంతం వద్దు.

గదిలో అటూ ఇటూ తిరుగుతూ ఉంటే అది కేలరీలు కరిగించడానికో, మనసు కుదుటపడటానికో అడిగి తెలుసుకోండి. మొదటిది జబ్బు, ఆపాలి. రెండోది తన ఊరట, అది లాగేస్తే టెన్షన్ పెరిగి తిండి ఇంకా తగ్గుతుంది. బరువు బాగా తక్కువగా ఉన్న రోజుల్లో రెండోదైనా సరే, కూర్చుని చేసుకునే ఊరట ఒకటి వెతకాలి.

6. కొత్త పదార్థాలు తర్వాత

ముందు ఒంట్లో శక్తి రావాలి, అది ఇడ్లీ, పెరుగన్నం, బిస్కెట్లతో వచ్చినా సరే. బరువు నిలబడ్డాక, ఇప్పటికే ఇష్టంగా తినేదానికి దగ్గరగా ఉండేదాన్ని ఒక్కటి చేర్చండి. ఇడ్లీ తింటే అదే పిండితో మందపాటి మెత్తటి అట్టు, దాని తర్వాత కొంచెం పలుచగా దోసె, ఇలా. వారాలు పడుతుంది. ఇష్టమైన పదార్థంలో దొంగచాటుగా కూర కలపొద్దు, దొరికిపోతే ఉన్న ఆ ఒక్కటీ పోతుంది. మేం పెరుగన్నంలో క్యారెట్ తురుము దాచి, రెండు నెలలు పెరుగన్నం పోగొట్టుకున్నాం.

7. ఆసుపత్రిలో చేరాల్సి వస్తే

వార్డు, మంచం, బాత్రూమ్ ఫొటోలు ముందే చూపించండి. దుప్పటి, ఇంటి గ్లాసు, ఇయర్‌ఫోన్లు తీసుకెళ్లండి. పీస్ పద్ధతిలో చప్పని, వాసన తక్కువ ఉన్న వంటలతో వేరే మెనూ ఉంటుంది, మన దగ్గర అలాంటిది దొరకదు కాబట్టి ఇంటి నుంచి తేవడానికి రాతపూర్వకంగా అనుమతి అడగండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది, మీరు అడిగేది దయాదాక్షిణ్యం కాదు.

8. బంధువులు, పెళ్లిళ్లు

మా అత్తగారు ప్రేమగానే "నా మీద ఒట్టు, ఇంకొక్క ముద్ద తల్లీ" అనేవారు. ఆవిడకు కూర్చుని చెప్పాం, "అత్తయ్యా, అడగకపోతేనే తింటుంది" అని. ఇప్పుడు పక్కన కూర్చుని టీవీ చూస్తారు, కంచం వైపు చూడరు. పెళ్లికి వెళ్లేటప్పుడు ఇంట్లోనే ఒక పూట పెట్టేసి, డబ్బాలో రెండో పూటది పట్టుకెళ్తాం, అక్కడ మాకు బాగా తెలిసిన ఒకరికి ముందే ఫోన్ చేసి ఫ్యాన్ ఉన్న చిన్న గది అడుగుతాం. వడ్డన పంక్తిలో ఎవరైనా "పాప తినదా?" అంటే "తినేసిందండీ" అని చెప్పి మాట మార్చేస్తాం. పోయిన నెల తెనాలిలో పెళ్లికి వెళ్తే తను ఆ గదిలో నాలుగు ఇడ్లీలు తిని, డబ్బా కడిగి తెచ్చి నా చేతికిచ్చింది.