పైన వాన, కింద వరద: హెచ్చరిక మన చెవిన పడేలా ముందే చూసుకోవాల్సినవి

"ఈడ చుక్క పడలే, వరదేందిరా?" అనే పెద్దమనిషి రాయలసీమలో ప్రతి వీధిలోనూ ఒకరుంటారు. ఆయన్ని తప్పుపట్టలేం. కరువుకు అలవాటుపడ్డ నేల కదా, నెత్తిన ఎండ కాస్తుంటే ఫోన్‌లో వచ్చిన వరద హెచ్చరిక ఎవరిదో అనిపిస్తుంది. కానీ మన వరదలు ఎక్కువగా పైనుంచే వస్తాయి. 2009 అక్టోబరు 2న కర్నూలు మునిగినప్పుడు పైనుంచి తుంగభద్ర, పక్కనుంచి హంద్రీ పోటెత్తాయి. దిగువన శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు కూడా దాటిపోవడంతో ఆ నీళ్లకు పోయే దారి లేకుండా పోయింది.

కాబట్టి అక్టోబరు, నవంబరు వానలు మొదలవకముందే ఒక్క సంగతి తేల్చుకోండి: మన ఇంటికి నీళ్లొస్తే ఎక్కణ్ణుంచి వస్తాయి? కడపలో బుగ్గవంక పక్కనున్నవాళ్లకు 2020 నవంబరులో నివర్ తుపాను ఆ జవాబు చెప్పేసింది. అనంతపురంలో నడిమివంక 2022 అక్టోబరులో చెప్పింది. పల్లెల్లో అయితే పైఊరి చెరువు మరువ (నిండాక నీళ్లు పొర్లే చోటు) ఎటు పారుతుందో, గండి పడితే నీళ్లు ఏ దోవన దిగుతాయో ముసలివాళ్లను అడగండి. ఈ విషయంలో గూగుల్ మ్యాప్ కంటే వాళ్లే నయం.

వాతావరణ శాఖ ఇచ్చే రంగుల్లో పసుపు అంటే గమనిస్తుండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే ఇక ఆలస్యం చేయొద్దని. అయితే ఆ రంగు జిల్లాను బట్టి ఇస్తారు. మన జిల్లా ఆకుపచ్చగా, అంటే హెచ్చరికేమీ లేకుండా ఉన్నా పైజిల్లా ఎర్రగా ఉంటే అది మనకూ హెచ్చరికే. తుంగభద్ర ఒడ్డున ఉన్నవాళ్లు బళ్లారి వైపు, చెయ్యేరు ఒడ్డున ఉన్నవాళ్లు బాహుదా, పింఛా నదులు పుట్టే చిత్తూరు పడమటి వైపు ఓ కన్ను వేసి ఉంచాలి. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట మండలం పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్ల మీద పడ్డ నీళ్లు ఆ పైనుంచి వచ్చినవే.

ఇక ఫోన్ సంగతి. ఎస్సెమ్మెస్ నంబరును బట్టి వస్తుంది, రద్దీలో ఆలస్యమూ కావచ్చు. సెల్ బ్రాడ్‌కాస్ట్ అలా కాదు. టవరు పరిధిలో ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి వెళ్తుంది, నంబరుతో పనిలేదు. 2023లో దీన్ని పరీక్షించినప్పుడు జేబుల్లో ఫోన్లు ఒక్కసారిగా కూతపెట్టాయి, చాలామంది అదేదో హ్యాకింగ్ అనుకుని మూసేశారు. చికాకేసి అప్పుడే ఆఫ్ చేసుకున్నవాళ్లూ ఉంటారు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి పైన వెతికే గళ్లో ఎమర్జెన్సీ అలర్ట్స్ అని కొట్టండి, లోపలున్న మీటలన్నీ ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. మీ ఫోన్ చూసుకుని ఊరుకోకండి, ఇంట్లో అమ్మ ఫోన్ కూడా చూడండి. ఫోన్ స్విచ్చాఫ్‌లోనో ఫ్లైట్ మోడ్‌లోనో ఉంటే మాత్రం ఏ హెచ్చరికా రాదు. పడుకునేముందు డేటా ఆపుకోండి, ఫోన్ ఆపొద్దు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వారి సచేత్ యాప్ కూడా వేసుకుంటే మంచిది.

పొలాల్లో తిరిగేవాళ్లకు, గొర్ల కాపరులకు వరద కంటే పిడుగే దగ్గరి ముప్పు. దామిని యాప్ చుట్టుపక్కల ఎక్కడ పిడుగులు పడుతున్నాయో చూపిస్తుంది. ఉరుము వినిపించిందంటే చాలు, యాప్ తెరిచేదాకా ఆగకుండా చెట్టు కింద నుంచి బయటపడి పక్కా ఇంట్లోకి వెళ్లాలి.

పుకారును, హెచ్చరికను విడదీసి చూడటం 2024 ఆగస్టు నేర్పింది. 10వ తేదీ రాత్రి తుంగభద్ర డ్యామ్ 33 గేట్లలో 19వది కొట్టుకుపోయింది. పోయింది ఒక గేటు, డ్యామ్ కాదు. కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాల పేర్లు చెప్పి రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ అప్రమత్తం చేసింది. నిజమైన హెచ్చరిక అలా ఉంటుంది: ఎవరు చెప్తున్నారు, ఏ నది, ఎన్ని క్యూసెక్కులు, ఏ ఊళ్లు. "డ్యామ్ తెగిందంట, అందరికీ పంపండి" అన్నదాంట్లో ఇవేవీ ఉండవు. అనుమానమొస్తే 1070కి గానీ 112కి గానీ చేసి అడగండి. సచివాలయం ఉద్యోగి, తలారి నంబర్లు ఫోన్‌లోనే కాదు, గోడ మీద బొగ్గుతో రాసున్నా తప్పులేదు.

రాత్రిపూట ఎవరు ఎవర్ని లేపాలో కూడా ఇప్పుడే అనుకోండి. కరెంటు పోతే గుడి మైకు, మసీదు మైకు రెండూ మూగబోతాయి, బ్యాటరీ ఉందో లేదో కమిటీవాళ్లను అడగండి. టముకు ఇంకా ఉన్న ఊళ్లు అదృష్టవంతులవి. చెవులు వినపడని అవ్వ ఒక్కతే ఉండే ఇల్లు, కట్ట కింద వేసిన ఇటుకబట్టీ కూలీల గుడిసెలు, ఏ జాబితాలోనూ ఉండని ఇలాంటివాటికి ఫలానా పిల్లోడు పోవాలని పేరుపెట్టి చెప్పండి.

కదలమన్నాక నీళ్లు చూడ్డానికి బ్రిడ్జి మీదికి పోవద్దు. కాజ్‌వే మీద నీళ్లు పారుతుంటే బండి దించొద్దు, ఆర్టీసీ బస్సు పోయినా సరే. ఆధార్, పాస్‌పుస్తకం, మందులు ఒక సంచిలో వేసుకుని, పశువుల పలుపులు విప్పేసి, మెయిన్ స్విచ్ ఆపి మెరకకు పోండి. పోయాక సచివాలయానికి ఫోన్ చేసి మీ ఇంట్లో ఎవరూ లేరని చెప్పండి, లేకపోతే మిమ్మల్ని వెతుకుతూ ఎవరో ఒకరు ఆ నీళ్లలోకి దిగుతారు.