బ్యాక్‌గ్రౌండ్ మీద ఏటవాలు ఫోటో: మూలల్లో తెలుపు, అంచుల్లో మెట్లు, చుట్టూ గీత వస్తే ఏం చేయాలి

ఒక ఫోటోను కాస్త ఒరగేసి వేరే బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టడం రెండు నిమిషాల పని. మూలల్లో తెల్ల ముక్కలో, అంచులో మెట్లో కనిపించాయంటే మాత్రం ఆ రెండు నిమిషాలు గంట దాటిపోతాయి. తిప్పడం చేతకాక ఇలా జరగడం అరుదు. తిప్పేముందు లేయర్ (బొమ్మలో ఒకదాని మీద ఒకటి ఉండే పొరల్లో ఒకటి) ఏ స్థితిలో ఉంది, తిప్పాక ఏ ఫార్మాట్‌లో సేవ్ చేశారు అన్న దగ్గరే తొంభై పాళ్లు తేడా కొడుతుంది. కింద ఇచ్చిన మెనూ పేర్లు ఫోటోషాప్, జింప్ అనే ఫోటో ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లవి. మీరు వాడేది వేరేదైతే పేర్లు మారొచ్చు గానీ కారణాలు ఇవే.

మూలల్లో తెల్ల లేదా నల్ల త్రికోణాలు

అందరికీ ఎదురయ్యేది ఇదే. 1200 × 800 పిక్సెళ్ల ఫోటోను 15 డిగ్రీలు తిప్పితే, దాన్ని పూర్తిగా పట్టే పెట్టె సుమారు 1366 × 1083 అవుతుంది. ఫోటో పెరగలేదు, పెట్టె పెరిగింది. ఆ పెరిగిన చోటే నాలుగు మూలలా త్రికోణాలు ఏర్పడతాయి. లేయర్‌కు ఆల్ఫా ఛానెల్ (ఏ పిక్సెల్ ఎంత పారదర్శకమో చెప్పే సమాచారం) ఉంటే అవి పారదర్శకంగా ఉంటాయి. లేకపోతే సాఫ్ట్‌వేర్ అక్కడ ఏదో ఒక రంగు నింపక తప్పదు.

ఫోటోషాప్‌లో జేపెగ్ తెరవగానే అది తాళం బొమ్మతో "బ్యాక్‌గ్రౌండ్" లేయర్‌గా వస్తుంది. ఆ స్థితిలో ఇమేజ్ → ఇమేజ్ రొటేషన్ → ఆర్బిట్రరీ వాడితే మొత్తం కాన్వాస్ తిరిగి, మూలల్లో టూల్‌బార్‌లోని బ్యాక్‌గ్రౌండ్ రంగు పడుతుంది. అన్‌డూ చేయండి. లేయర్స్ ప్యానెల్‌లో ఆ లేయర్ మీద డబుల్ క్లిక్ చేసి ఓకే కొడితే "లేయర్ 0" అవుతుంది. అప్పుడు కంట్రోల్+టి నొక్కి తిప్పండి. ఇంకా తేలిక దారి: ముందు బ్యాక్‌గ్రౌండ్ ఫైల్ తెరిచి, ఫోటోను ఫైల్ → ప్లేస్ ఎంబెడెడ్‌తో దాని మీదకు తెచ్చుకోవడం. తాళం గొడవే ఉండదు.

తిప్పింది సరిగ్గానే తిప్పి, మధ్యలో ఒకసారి జేపెగ్‌గా సేవ్ చేసి మళ్లీ తెరిచినా ఇదే గతి. జేపెగ్‌లో పారదర్శకత ఉండదు కాబట్టి త్రికోణాలు నిజమైన తెల్ల పిక్సెళ్లుగా మారిపోతాయి. మధ్యలో దాచుకునే కాపీ పీఎన్‌జీ, పీఎస్‌డీ (ఫోటోషాప్‌ది) లేదా ఎక్స్‌సీఎఫ్ (జింప్‌ది) అయి ఉండాలి. బ్యాక్‌గ్రౌండ్ అంతా నిండి, పని పూర్తయ్యాక తుది కాపీని జేపెగ్ చేసుకుంటే నష్టం లేదు.

తెలుపు బదులు నలుపు వస్తే, టూల్‌బార్‌లో బ్యాక్‌గ్రౌండ్ రంగు నలుపు కాకపోతే, ఆ ప్రోగ్రామ్ ఆల్ఫాను పట్టించుకోవడం లేదని అర్థం. పారదర్శక పిక్సెల్ కింద రంగు విలువలు మామూలుగా 0, 0, 0 (అంటే నలుపు) ఉంటాయి. ఆల్ఫా తీసేస్తే కనిపించేది అదే.

అసలు ఫోటో దొరక్క, తెల్ల మూలలున్న జేపెగ్ ఒక్కటే చేతిలో ఉంటే:

1. తాళం తీయండి. జింప్‌లో అయితే లేయర్ → ట్రాన్స్‌పరెన్సీ → యాడ్ ఆల్ఫా ఛానెల్ చేయండి. ఇది మరిస్తే డిలీట్ నొక్కినప్పుడు మళ్లీ బ్యాక్‌గ్రౌండ్ రంగే పడుతుంది.
2. మ్యాజిక్ వాండ్ తీసుకుని (జింప్‌లో దీని పేరు ఫజీ సెలెక్ట్) టాలరెన్స్ (ఎంత తేడా ఉన్న రంగు దాకా ఎంచుకోవాలో చెప్పే అంకె, జింప్‌లో త్రెషోల్డ్) 10–15 పెట్టండి. జేపెగ్ తెలుపు కచ్చితంగా 255 (పూర్తి తెలుపు) ఉండదు, అంచు దగ్గర కాస్త మురికి ఉంటుంది. ఫోటోషాప్‌లో "కంటిగ్యువస్" (ఆనుకుని ఉన్న పిక్సెళ్లనే ఎంచుకోవడం) టిక్ ఉండాలి.
3. షిఫ్ట్ పట్టుకుని నాలుగు మూలలూ క్లిక్ చేయండి.
4. సెలెక్షన్‌ను 2 పిక్సెళ్లు పెంచి డిలీట్ చేయండి. ఫోటోలో రెండు పిక్సెళ్లు పోతాయి, పోనివ్వండి. ఉంచితే ఆ మురికే తర్వాత లేత గీతగా కనిపిస్తుంది.

ఫోటో అంచున తెల్ల గోడో, వెలిసిన ఆకాశమో ఉంటే వాండ్ లోపలికి పాకేస్తుంది. అక్కడ పాలిగనల్ లాసోతో ఫోటో నాలుగు మూలలు క్లిక్ చేసి, సెలెక్షన్ ఇన్వర్స్ చేసి తీసేయడమే మేలు.

బ్యాక్‌గ్రౌండ్ కూడా కలిసి తిరుగుతోంది, లేదా ఫోటోలో ఒక ముక్కే తిరుగుతోంది

రెండూ ఎంపిక తప్పులే. అంతా తిరిగితే, మీరు వాడింది ఇమేజ్ మెనూలోని రొటేషన్ కావచ్చు, లేదా ఫోటో ఇప్పటికే బ్యాక్‌గ్రౌండ్‌లో కలిసిపోయి ఉండొచ్చు. జింప్ 2.10లో పేస్ట్ చేసిన ఫోటో ముందు "ఫ్లోటింగ్ సెలెక్షన్"గా వస్తుంది. దాన్ని యాంకర్ చేస్తే కింది లేయర్‌కు అతుక్కుపోతుంది. యాంకర్ చేయకుండా కంట్రోల్+షిఫ్ట్+ఎన్ నొక్కితే విడి లేయర్ అవుతుంది.

ముక్క మాత్రమే తిరిగితే ఎక్కడో పాత సెలెక్షన్ బతికే ఉంది. ఫోటోషాప్‌లో కంట్రోల్+డి, జింప్‌లో కంట్రోల్+షిఫ్ట్+ఎ నొక్కి మళ్లీ తిప్పండి.

తిప్పాక మూలలు తెగిపోయాయి

జింప్‌లో రొటేట్ టూల్ ఆప్షన్లలో "క్లిప్పింగ్" అని ఒకటి ఉంటుంది. అది "క్లిప్" మీద ఉంటే, లేయర్ పాత కొలత దాటిన భాగాన్నంతా కోసేస్తుంది. "అడ్జస్ట్" మీద పెడితే లేయర్ తనంతట తానే పెరుగుతుంది. ఒకసారి కోసి ఓకే అయ్యాక ఆ పిక్సెళ్లు తిరిగి రావు, అన్‌డూ ఒక్కటే దారి.

ఫోటోషాప్‌లో మాత్రం కాన్వాస్ బయటికి పోయిన భాగం మామూలుగా దాగి ఉంటుందే తప్ప పోదు. ఇమేజ్ → రివీల్ ఆల్ చేసి చూడండి. క్రాప్ టూల్‌లో "డిలీట్ క్రాప్డ్ పిక్సెల్స్" టిక్ ఉండగా క్రాప్ చేసి ఉంటే ఆశ వదులుకోవాల్సిందే.

అంచు మెట్లు మెట్లుగా ఉంది

ఏం మార్చే ముందైనా జూమ్ 100 శాతం పెట్టి చూడండి. 33, 67 శాతాల దగ్గర స్క్రీన్ చూపించే మెట్లు ఫైల్‌లో ఉండకపోవచ్చు.

100 శాతంలోనూ కనిపిస్తే ఇంటర్‌పొలేషన్ (తిప్పాక కొత్త పిక్సెళ్ల రంగు లెక్కించే పద్ధతి) చూడాలి. "నియరెస్ట్ నెయిబర్" (జింప్‌లో "నన్") ఉంటే ప్రతి కొత్త పిక్సెల్ దగ్గర్లోని ఒక్క పాత పిక్సెల్ రంగునే తీసుకుంటుంది, అంచులో సగం రంగులు పుట్టవు. బైక్యూబిక్‌కో, జింప్‌లో క్యూబిక్ లేదా లోహేలోకో మార్చండి. పిక్సెల్ ఆర్ట్‌కు తప్ప నియరెస్ట్‌తో ఇక్కడ పని లేదు.

ఇంటర్‌పొలేషన్ సరిగ్గా ఉన్నా మెట్లు పోకపోతే, ఫోటో లేయర్ సరిహద్దుకు సరిగ్గా ఆని ఉందేమో చూడండి. అంచు మెత్తబడటానికి పక్కన ఖాళీ ఉండాలి. తిప్పే ముందే లేయర్ చుట్టూ 2–4 పిక్సెళ్ల పారదర్శక మార్జిన్ ఇవ్వండి. జింప్‌లో లేయర్ → లేయర్ బౌండరీ సైజ్‌తో ఇది అవుతుంది.

మూడో కారణం ఫైల్ రకం. గిఫ్‌లో పిక్సెల్ ఉంటే పూర్తిగా ఉంటుంది, లేకపోతే లేదు, సగం పారదర్శకత కుదరదు. ఇండెక్స్‌డ్ మోడ్‌లో (పరిమిత రంగుల పట్టికతో) తెరుచుకున్న బొమ్మను ఇమేజ్ → మోడ్ → ఆర్‌జీబీ చేశాకే తిప్పండి, పీఎన్‌జీగా సేవ్ చేయండి.

చుట్టూ సన్నని లేత గీత

ముదురు బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టినప్పుడే ఇది బయటపడుతుంది. ఫోటో అంచు రంగు విలువ 40, పక్కన తెలుపు 255 అనుకుందాం. తెలుపు మీద ఉండగానే తిప్పితే అంచు పిక్సెల్ రెండింటి సగటు, అంటే 148 దాకా వస్తుంది. తర్వాత తెలుపు తీసేసినా ఆ 148 అక్కడే ఉంటుంది. ముదురు రంగు మీద అదే గీతలా మెరుస్తుంది.

ఫోటోషాప్‌లో లేయర్ → మ్యాటింగ్ → డీఫ్రింజ్ 1 పిక్సెల్ ముందు ప్రయత్నించండి. చాలకపోతే అదే మెనూలో రిమూవ్ వైట్ మ్యాట్ ఉంది. జింప్‌లో లేయర్ మీద రైట్ క్లిక్ చేసి ఆల్ఫా టు సెలెక్షన్, తర్వాత సెలెక్ట్ → ష్రింక్ 1 పిక్సెల్, ఇన్వర్ట్, డిలీట్. ష్రింక్ చేశాక అంచు గరుకుగా కనిపిస్తే ఫెదర్ (అంచును మెత్తబరచడం) 0.5–1 పిక్సెల్ ఇస్తే సరిపోతుంది. అంతకు మించితే మసక గీత వచ్చిపడుతుంది.

ఫోటో మసకబారింది

ముందు 5 డిగ్రీలు, నచ్చక ఇంకో 3, మళ్లీ వెనక్కి 2. కంటికి 6 డిగ్రీలే తిరిగింది, పిక్సెళ్లు మాత్రం మూడుసార్లు కలిసిపోయాయి. ఎంటర్ నొక్కిన ప్రతిసారీ కొత్త లెక్క, కొత్త మసక. 90, 180, 270 డిగ్రీలకు ఈ బెడద లేదు, పిక్సెళ్లు చోటు మారతాయంతే.

అన్‌డూతో మొదటికి వెళ్లి ఒకేసారి 6 డిగ్రీలు ఇవ్వండి. సైజు కూడా తగ్గించాలంటే అదే కంట్రోల్+టి లో, ఎంటర్ కొట్టకముందే తగ్గించండి. జింప్‌లో యూనిఫైడ్ ట్రాన్స్‌ఫార్మ్ రెండు పనులూ ఒకే దెబ్బకు చేస్తుంది. ఫోటోషాప్‌లో కోణం మీద మనసు మారుతూనే ఉంటుందనుకుంటే ముందే కన్వర్ట్ టు స్మార్ట్ ఆబ్జెక్ట్ చేయండి. అసలు ఫోటో లోపల భద్రంగా ఉంటుంది, ఎన్నిసార్లు తిప్పినా లెక్క దాని నుంచే మొదలవుతుంది.

ఒక్కసారి తిప్పినా కాస్త మెత్తదనం వస్తుంది, అది సహజం. అన్‌షార్ప్ మాస్క్‌ను (బొమ్మకు పదును పెంచే ఫిల్టర్) రేడియస్ 0.5–1 మధ్య తేలిగ్గా వేస్తే చాలు.

నీడ తప్పు దిక్కుకు పడుతోంది

నీడను ముందు వేసి, ఫోటోతో కలిపేసి, ఆ తర్వాత తిప్పారు. కుడి కిందికి పడాల్సిన నీడ, ఫోటోను సవ్యదిశలో 30 డిగ్రీలు తిప్పేసరికి దాదాపు నిట్టనిలువుగా కిందికి పడుతుంది. బ్యాక్‌గ్రౌండ్‌లో ఉన్న మిగతా నీడలతో పోల్చి చూసినవారికి ఇట్టే తెలిసిపోతుంది. తిప్పడం అయ్యాకే నీడ వేయండి. ఫోటోషాప్‌లో డ్రాప్ షాడో లేయర్ స్టైల్‌గానే ఉండి "యూజ్ గ్లోబల్ లైట్" టిక్ ఉంటే లేయర్‌ను ఎటు తిప్పినా నీడ దిక్కు మారదు. జింప్‌లో ఫిల్టర్స్ → లైట్ అండ్ షాడో → డ్రాప్ షాడో ఉంది. 1200 పిక్సెళ్ల ఫోటోకు ఎక్స్ 6, వై 8, బ్లర్ 12 దగ్గర మొదలుపెట్టి చూసుకోండి.

ఫోన్ ఫోటో తేగానే పడుకుని ఉంది

ఇది తిప్పిన తప్పు కాదు. ఫోన్ నిలువు ఫోటోను చాలాసార్లు అడ్డంగానే రాసి, "చూపేటప్పుడు తిప్పు" అని ఎక్సిఫ్‌లో (ఫోటోతో పాటు ఫైల్‌లో ఉండే సమాచారం) ఓరియంటేషన్ గుర్తు పెడుతుంది. 6 అంటే సవ్యదిశలో 90 డిగ్రీలు, 8 అంటే అపసవ్యంగా 90, 3 అంటే 180. ఆ గుర్తును చదవని ప్రోగ్రామ్‌లో ఫోటో పడుకునే వస్తుంది. జింప్ తెరిచేటప్పుడు అడిగితే "రొటేట్" అనండి. అడగకపోతే ముందు 90 డిగ్రీలు తిప్పి నిలబెట్టి, ఏటవాలు కోణం దాని తర్వాత ఇవ్వండి. 90కి నష్టం ఉండదు కాబట్టి ఇక్కడ రెండుసార్లు తిప్పినా ఫోటో చెడదు.