పార్ట్‌టైమ్ దొరికిందా? ముందు లెక్క వేసుకోండి

జర్మనీకి మాస్టర్స్‌కి వచ్చిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ. సిటీ రిజిస్ట్రేషన్, సిమ్, ఇన్సూరెన్స్ సంగతులు మీ సీనియర్లు చెప్పే ఉంటారు. నేను చెప్పేది వేర్‌హౌస్ నైట్ షిఫ్టుల గురించి.

ఈ మధ్య మా ఫ్లాట్‌లో ఒకబ్బాయి తెల్లవారుజామున షిఫ్ట్ నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా పడుకున్నాడు. లేచేసరికి పరీక్ష అయిపోయింది. రిజిస్టర్ చేసుకుని డాక్టర్ సర్టిఫికెట్ లేకుండా ఎగ్గొడితే చాలా చోట్ల ఫెయిల్ కిందే లెక్క. ఎక్కువ యూనివర్సిటీల్లో సబ్జెక్టుకి మూడు ఛాన్సులే. మూడూ పోతే కోర్సులోంచి తీసేస్తారు. అదే కోర్సులో ఇంకోచోట చేరదామన్నా కుదరదు. బీటెక్‌లో సప్లీలు రాసుకుంటూ గట్టెక్కిన అలవాటు ఇక్కడ పనికిరాదు బాబూ!

లోన్ వడ్డీ టెన్షన్ నాకు తెలియంది కాదు. నా మొదటి చలికాలమంతా రాత్రి పది నుంచి ఆరు దాకా స్కానర్ పట్టుకుని పార్శిళ్లు సర్దడంతోనే సరిపోయింది. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి. పగలు పడుకుని లేస్తే మళ్లీ రాత్రే. అమ్మ వీడియో కాల్‌లో ‘కళ్లు లోపలికి పోయాయేంట్రా’ అంటే, లైటు సరిగ్గా లేదనేవాణ్ణి.

వీసా ప్రకారం ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేయొచ్చు. నాలుగు గంటలు దాటితే పూర్తి రోజే. వారానికి రెండు షిఫ్టులంటే 104 రోజులు, మిగతావి సెలవులకి ఉంచుకోండి. 2026లో కనీస వేతనం గంటకు 13.90 యూరోలు. ఎనిమిది గంటల షిఫ్టులు వారానికి రెండైతే, కోతలకు ముందు నెలకి సుమారు 960. వీసా కోసం ఖర్చుల డబ్బు ముందే వేసి ఉంచే బ్లాక్డ్ అకౌంట్‌లోంచి నెలనెలా వదిలే 992కి దగ్గరే కదా? మరి మూడో షిఫ్ట్, నాలుగో షిఫ్ట్ ఎందుకు? రూపాయల్లోకి మార్చి చూసుకుని మురిసిపోవడానికా?

అలాగని పని మానేసి గదిలో పుస్తకం ముందు కూర్చోమనడం లేదు. ఆ బాపతు వాళ్లూ ఉన్నారు, రెండేళ్లయినా జర్మన్‌లో ఒక బ్రెడ్డు అడగలేరు.

సరే, మరీ భయపెట్టానేమో. చాలామంది రెండో సెమిస్టర్‌కల్లా కుదురుకుంటారు. ఒకసారి ఫెయిలైనంత మాత్రాన కొంపేం మునగదు. చదువుకి దగ్గరగా ఉండే వర్కింగ్ స్టూడెంట్ ఉద్యోగం దొరికితే రాత్రి షిఫ్టుల గొడవే ఉండదు. దానికి సీవీ ఆదివారం కూర్చుని రాయండి, ఆ రోజు దుకాణాలెలాగూ మూసేస్తారు. బియ్యం, పప్పు మాత్రం శనివారమే తెచ్చుకోండి.