పాత కారు ఛాసిస్ ప్లేటు, కాగితాలు ఎలా చదవాలి?

పాత అంబాసిడరో ఫియటో కొనేటప్పుడు మన వైజాగ్‌లో చాలామంది చేసేది ఒకటే. ఆర్సీ చేత్తో పట్టుకుని బానెట్ ఎత్తుతారు, ప్లేటు మీద ఛాసిస్ నంబర్ (బండి అసలు గుర్తింపు నంబర్) దాంతో కలిసిందా లేదా చూస్తారు, కలిసింది కదా అని అడ్వాన్స్ ఇచ్చేస్తారు. ఇది పూర్తిగా తిరగేసిన పద్ధతి. ఆర్సీ అంటే ఎప్పుడో ఒక గుమాస్తా చూసి రాసుకున్నది. ప్లేటు అంటే రివెట్లతో బిగించిన రేకు ముక్క, కావాలంటే ఊడదీసి ఇంకో బండికి బిగించొచ్చు. బండి తన గురించి తాను చెప్పేది మాత్రం బాడీలోకో ఛాసిస్‌లోకో పంచ్‌తో కొట్టిన అచ్చు ఒక్కటే. అందుకని ముందు అచ్చు, తర్వాత ప్లేటు, ఆఖర్న కాగితం, ఈ వరస మార్చకూడదు. ఆర్సీ ముందే చూసేస్తే అందులో 8 అని ఉన్నచోట అరిగిపోయిన 3 కూడా మన కంటికి 8 లాగే కనబడుతుంది, కాబట్టి అమ్మేవాళ్ళు కాగితాలు చూపించబోయినా "తర్వాత చూస్తానండి" అని పక్కన పెట్టించండి.

సామాన్లు

కిరసనాయిలు, పాత టూత్‌బ్రష్, దూది, మెత్తటి గుడ్డ, చిన్న టార్చి, మాస్కింగ్ టేపు, బటర్ పేపర్, 4బి పెన్సిల్. హెచ్‌బి పెన్సిల్ వద్దు, గట్టిగా ఉంటుంది, కాగితం చిరుగుతుంది. ట్రేసింగ్ పేపర్ కూడా వద్దు, బటర్ పేపరే.

నంబర్ ఎక్కడుంటుంది

అంబాసిడర్, ఫియట్ లాంటి వాటికి బానెట్ ఎత్తి ఇంజిన్ వెనకాల అడ్డంగా ఉండే రేకు మీద వెతకండి, ప్లేటు కూడా మామూలుగా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ అయితే వెనక సీటు ఎత్తాలి, మధ్యలో టన్నెల్ (నేల మధ్య ఉబ్బెత్తుగా ఉండే రేకు) మీద ఉంటుంది. ఇంజిన్ నంబర్ వేరు, అది ఇంజిన్ బ్లాకు మీద వెతకాలి. రెండు నంబర్లూ ఒకటే ఉండాలి కదా అని వాదించేవాళ్ళని చూశాను, అలా ఉండాలని రూలేం లేదు.

అచ్చు చదవడం

అందరూ చెడగొట్టేది ఇక్కడే, కొంచెం ఓపిగ్గా చదవండి.

మనది ఉప్పుగాలి ఊరు. లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు ఆరుబయట పెట్టిన బండికి అద్దం కింద నీళ్ళు నిలిచి, సరిగ్గా నంబర్ ఉండే రేకే ముందు తుప్పు పడుతుంది. ఆ తుప్పు మీద పెయింటు, దాని మీద మళ్ళీ పెయింటు, పైన గ్రీజు. ఆటోనగర్‌లో ఎవరికైనా చూపిస్తే గ్రైండర్‌కి వైర్ బ్రష్ తగిలించి "రెండు నిమిషాలు సార్" అంటారు. ఒప్పుకోవద్దు. ఎమ్రీ పేపర్ కూడా వద్దు. పంచ్ లోతు చాలా తక్కువ, తుప్పు పట్టిన రేకులో ఇంకా తక్కువ, గ్రైండర్ ఒక్కసారి తగిలితే అంకె సగం పోతుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది, నంబర్ చుట్టూ రాపిడి గీతలు కనబడితే తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ గారికి అది చెరిపే ప్రయత్నం లాగే ఉంటుంది, మీరు శుభ్రం చేశానని ఎంత చెప్పినా ఆ గీతలు పోవు. యాసిడ్ పోయడం కూడా అంతే. పంచ్ కొట్టినప్పుడు అంకె అడుగున లోహం కూడా నలుగుతుంది, అందుకే పైన చెరిపేసినా ఫోరెన్సిక్ ల్యాబ్ వాళ్ళు రసాయనాలతో ఆ నంబర్‌ని చాలాసార్లు బయటికి తీయగలరు. ఇంట్లో యాసిడ్ పోసేస్తే వాళ్ళకి కూడా ఏమీ మిగలదు.

చేయాల్సింది ఇది. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి, బ్యాటరీ వైరు తీసేయాలి. కిరసనాయిల్లో ముంచిన దూది నంబర్ మీద అంటించి అరగంట వదిలేయండి. తర్వాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్ది గుడ్డతో తుడవండి, పోలేదా, మళ్ళీ దూది పెట్టండి. పెయింట్ గడ్డకట్టి ఉంటే చేతికి గ్లౌజులు వేసుకుని పెయింట్ రిమూవర్ దూదితో కొద్దిగా రాసి, ఐస్‌క్రీం పుల్లతో తీయాలి. స్క్రూడ్రైవర్ ముట్టుకోవద్దు. అంకెల గుంటల్లో నల్లగా మిగిలిన మురికిని వదిలేయండి, ఆ నలుపే అంకెని చూపిస్తుంది.

తర్వాత టార్చి. ఎదురుగా వేస్తే ఏమీ కనబడదు, టార్చిని రేకుకి దాదాపు ఆనించి పక్కనుంచి వేయాలి, అప్పుడు గుంటల్లో నీడ పడి అంకె లేస్తుంది. ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి, కింద నుంచి ఒకసారి. చీకటి పడ్డాక చేస్తే ఇంకా మంచిది. పట్టపగలు ఎండలో ఫోన్‌తో ఫోటో తీసి జూమ్ చేసి చదివేసే వాళ్ళ మాట నమ్మకండి.

ఇప్పుడు పెన్సిల్ ప్రింట్. బటర్ పేపర్‌ని నాలుగు వైపులా టేపుతో బిగించి, పెన్సిల్‌ని పడుకోబెట్టి, ఒకే దిక్కులో తేలిగ్గా గీయండి. నంబర్‌తో పాటు చుట్టూ రెండేసి వేళ్ళ వెడల్పు ఖాళీ రేకు కూడా ప్రింట్‌లో రావాలి, ఎందుకంటే కథంతా ఆ ఖాళీలోనే ఉంటుంది. అక్కడ గ్రైండర్ గీతలు, వెల్డింగ్ అంచు ఉంటే పెన్సిల్‌కి దొరికిపోతాయి, కంటికి పెయింట్ కింద కనబడవు. సరిగ్గా తెలియని అంకె దగ్గర ఖాళీ వదలండి, పెన్నుతో దిద్దారంటే ఆ ప్రింట్ ఇంక పనికిరాదు.

ప్రింట్ తీశాక చూడాల్సింది వరస కాదు, ఆకారం. అంకెలు కొంచెం ఎగుడుదిగుడుగా ఉన్నంత మాత్రాన దొంగ నంబర్ అనేయకండి, ఫ్యాక్టరీలో చేత్తో కొట్టిన పాత బళ్ళకి అది మామూలే. నంబర్‌లో రెండు 7లు ఉన్నాయనుకోండి, రెండూ ఒకే పంచ్‌వి అయి ఉండాలి, ఒకదానికి తోక నిటారుగా, ఇంకోదానికి వంపుగా ఉంటే ఆగిపోండి. తర్వాత లోపల కూర్చుని, డాష్‌బోర్డ్ కింద దూరి, అదే రేకుని వెనక వైపు నుంచి టార్చి వేసి చూడండి. ముందు వైపు పుట్టీతో నున్నగా చేసినవాళ్ళు వెనక వైపు వెల్డింగ్ గీత వదిలేస్తారు. నాకు తెలిసి ఈ పని చేసేవాళ్ళు చాలా తక్కువ, ముక్క కోసి అతికించిన బళ్ళు అమ్ముడుపోయేది అందుకే.

అచ్చు మరీ అరిగిపోయి ఉంటే మీరు మళ్ళీ పంచ్ కొట్టించకండి, ఎంత నిజమైన నంబరైనా సరే. ఆర్టీవోకి అర్జీ పెట్టి, తనిఖీ అయ్యాక, అనుమతి కాగితం చేతికొచ్చాకే కొట్టించాలి.

ప్లేటు

ముందు రివెట్లు చూడండి. మధ్యలో చిన్న కన్నం ఉన్న పాప్ రివెట్లు అయితే ఎవరో తర్వాత బిగించి ఉండొచ్చు. అది మోసమే అనక్కర్లేదు, పెయింటింగ్‌కి విప్పి ఉండొచ్చు, కానీ అడగాలి.

ఆ నంబర్‌ని ఆన్‌లైన్ డీకోడర్‌లో (నంబర్‌ని బట్టి బండి వివరాలు చెప్పే సైట్లో) కొట్టడం దండగ. అవి 17 అక్షరాల నంబర్ల కోసం, అమెరికాలో అది తప్పనిసరి అయ్యిందే 1981 మోడళ్ళ నుంచి, అందులో ఐ, ఓ, క్యూ అక్షరాలు ఉండవు. అంతకు ముందు ఏ కంపెనీ లెక్క దానిదే. మోరిస్ మైనర్ అనే పాత బ్రిటిష్ కారు తీసుకోండి. 1952 నుంచి 1957 దాకా నంబర్‌లో మొదటి అక్షరం ఎఫ్ అంటే మైనర్, తర్వాతి అక్షరం బాడీ, ఆ తర్వాతది రంగు. అంకెల్లో మొదటిది 1 అయితే కుడి స్టీరింగ్‌తో బ్రిటన్‌లోనే అమ్మడానికి, 2 అయితే కుడి స్టీరింగ్ ఎగుమతి, 5 అయితే విడి భాగాలుగా పంపి బయట బిగించిన కుడి స్టీరింగ్ బండి. తర్వాత పద్ధతి మారింది, ఎం ఏ 2 ఎస్ 3 అని ఉంటే మోరిస్, ఏ సిరీస్ ఇంజిన్, రెండు తలుపుల సెలూన్ (పైకప్పు ఉన్న మామూలు కారు), మూడో సిరీస్ అన్నమాట. బీటిల్‌కి 1965 మోడల్ నుంచి మూడో అంకె మోడల్ సంవత్సరం, 117తో మొదలైతే 1967 మోడల్. కానీ ఆ మోడల్ సంవత్సరం ముందటేడు ఆగస్టులోనే మొదలవుతుంది, కాబట్టి తయారైంది 1966లో కూడా కావచ్చు.

కాగితాలు

ఇప్పుడు ఆర్సీ తెరవండి. కొన్ని ఆర్సీల్లో తయారీ సంవత్సరం కాలమ్‌లో ఉండేది నిజానికి రిజిస్ట్రేషన్ సంవత్సరం కావచ్చు. చేతిరాత పుస్తకం నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు 5 ఎస్ అయిపోవడం, 1 ఐ అయిపోవడం మామూలు. అందుకే స్మార్ట్ కార్డు ఒక్కటే చూసి ఊరుకోకుండా పాత పుస్తకం అడగండి, హుద్‌హుద్ తుఫానులో తడిసిపోయింది అంటే బి-రిజిస్టర్ ఎక్స్‌ట్రాక్ట్ (ఆర్టీవో ఆఫీసు రికార్డు నకలు) తీయించమనండి.

రిజిస్ట్రేషన్ నంబర్ కూడా చాలా చెప్తుంది. ఏపీ 31 (విశాఖ కోడ్) అని ఉంటే ఆ నంబర్ 1989 జూలైలో కొత్త మోటారు వాహనాల చట్టం అమల్లోకి వచ్చాక ఇచ్చింది. బండి అంతకంటే పాతదైతే ముందు ఇంకో నంబర్ ఉండి తీరాలి, అది ఎక్కడిదో, ఎన్వోసీ (నిరభ్యంతర పత్రం) ఎక్కడ నుంచి వచ్చిందో కాగితం ఉండాలి. 1953 అక్టోబర్ 1 దాకా మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం, అప్పటి బండికి ఎం అక్షరంతో మొదలయ్యే నంబర్ ఉంటే కంగారు పడక్కర్లేదు. 1979 ముందు విజయనగరం జిల్లానే లేదు, ఆ ఊరి బండి పాత కాగితాల మీద విశాఖపట్నం జిల్లా అని ఉంటే అది తప్పు కాదు.

ఇంజిన్ నంబర్ ఆర్సీతో కలవకపోవడం అంబాసిడర్లలో ఎక్కువ, ట్యాక్సీగా తిరిగినవాటికి డీజిల్ ఇంజిన్లు మార్చేశారు. మార్చితే ఆర్సీలో ఎక్కించాలి, ఎక్కించలేదంటే ఆ పని అమ్మేవాళ్ళ చేతే, డబ్బులివ్వక ముందే చేయించుకోండి.

బండి మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్ళు దాటితే 2021 రూల్స్ ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి పెట్టొచ్చు, నంబర్‌లో వీఏ అని వస్తుంది. ఫారం 20, ఇన్సూరెన్స్, పాత ఆర్సీ, దిగుమతి బండైతే బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్ కాగితం), ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. రోజూ ఆఫీసుకి వేసుకెళ్ళాలనుకుంటే మాత్రం దీనికి పెట్టొద్దు, మామూలు వాడకానికి ఆ రిజిస్ట్రేషన్ ఒప్పుకోదు, పాత నంబర్ మీదే రెన్యువల్ చేయించుకోండి.