ఆంప్ లేకుండా హెడ్‌ఫోన్, 3వ పాఠం: పెట్టె మీద అంకెలు చదవడం

మొదటి పాఠంలో వెనక మూసి ఉన్న హెడ్‌ఫోన్‌కీ తెరిచి ఉన్నదానికీ తేడా చూశాం. రెండో పాఠంలో మీరు దేనికి తగిలించి వింటారో ఒక కాగితం మీద రాసుకోమన్నాను: ఫోన్ జాకా, టైప్‌-సి డాంగులా (జాక్ లేని ఫోన్‌కి హెడ్‌ఫోన్ తగిలించే చిన్న వైరు), ల్యాప్‌టాపా? ఆ కాగితం ముందు పెట్టుకుని, ఒక పెన్ను తీసుకోండి. ఈరోజు చేసేవన్నీ చిన్న కూడికలే, క్యాలిక్యులేటర్ అక్కర్లేదు.

షాపులో అడిగితే సాధారణంగా వచ్చే జవాబు ఇది: "32 ఓమ్స్ అయితే ఫోన్‌కి చాలండి, 250 అయితే ఆంప్ కావాలి." ఓమ్ అంటే కరెంటుకి హెడ్‌ఫోన్ ఎంత అడ్డుపడుతుందో చెప్పే కొలత. ఆంప్ అంటే ఫోన్ ఇచ్చే సిగ్నల్‌ని పెంచే విడి పరికరం. ఆ జవాబులో సగమే నిజం. ఫోస్టెక్స్ టీ50ఆర్‌పీ అనే హెడ్‌ఫోన్ ఉంది. దాని మూడో తరం మోడల్ 50 ఓమ్‌లే. ఆ అంకె చూసి ఫోన్‌కి తగిలిస్తే వాల్యూమ్ చివరిదాకా పెంచినా చాలామందికి చాలదు. అదే సోనీ ఎండీఆర్-7506 అంతకన్నా ఎక్కువ, 63 ఓమ్‌లు. అయినా మామూలు ఫోన్‌తో హాయిగా మోగుతుంది. కాబట్టి ఓమ్‌లతో పాటు ఇంకో అంకె చూడాలి. దాని పేరు సెన్సిటివిటీ. ఎంత పవర్ లేదా వోల్టేజీ ఇస్తే ఎంత శబ్దం చేస్తుందో చెప్పే అంకె అది, డెసిబెల్స్‌లో ఉంటుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఈ అంకెను కంపెనీలు రెండు రకాలుగా రాస్తాయి. కొన్ని ఒక మిల్లీవాట్ పవర్ ఇస్తే వచ్చే శబ్దం రాస్తాయి. కొన్ని ఒక వోల్టు ఇస్తే వచ్చేది రాస్తాయి. రెండోది ఎప్పుడూ పెద్ద అంకెగానే కనిపిస్తుంది. సెన్‌హైజర్ హెచ్‌డీ 25కి 120 డెసిబెల్స్ అని ఉంటుంది, సోనీ 7506కి 106 అని ఉంటుంది. ఆ రెండూ పక్కపక్కన చూసినవాళ్లు సోనీ బాగా వెనకబడిందనుకుంటారు. సెన్‌హైజర్ చెప్పింది ఒక వోల్టు లెక్క, సోనీ చెప్పింది మిల్లీవాట్ లెక్క. ఒకే కొలతలోకి మార్చి చూస్తే గానీ ఏదీ తేలదు.

మనం వోల్టు లెక్కలోకే మార్చుకుందాం. కారణం ఉంది. ఏ హెడ్‌ఫోన్ తగిలించినా ఒక ఫోన్ గానీ డాంగుల్ గానీ ఇచ్చేది దాదాపు ఒకే స్థాయి వోల్టేజీ. ఓమ్‌లు తక్కువున్న హెడ్‌ఫోన్ అదే వోల్టేజీ దగ్గర ఎక్కువ కరెంటు లాక్కుంటుంది, ఎక్కువున్నది తక్కువ లాక్కుంటుంది. అందువల్ల "ఒక వోల్టుకి ఎంత శబ్దం" అని అడగడమే మన అవసరానికి సరైన ప్రశ్న.

మార్చే పద్ధతి ఇది. 1000 ఓమ్‌ల దగ్గర కలపాల్సింది సున్నా. అక్కడి నుంచి ఓమ్‌లు సగమైన ప్రతిసారీ 3 కలపండి. 500కి 3, 250కి 6, 125కి 9, 63కి 12, 32కి 15, 16కి 18. ఈ వరస నోటికి వచ్చేదాకా రాయండి. మధ్యలో వచ్చే అంకెలకు అందాజుగా వేసుకోవచ్చు: 80 ఓమ్‌లకి 11, 50కి 13, 38కి 14. ఒక డెసిబెల్ అటూ ఇటూ అయినా కొనే నిర్ణయం మారదు.

ఇప్పుడు సోనీ సంగతి చూడండి. 63 ఓమ్‌లు, కాబట్టి 106కి 12 కలిపితే 118. సెన్‌హైజర్ 120. కొండంత కనిపించిన తేడా రెండు డెసిబెల్స్‌కి దిగింది. ఆడియో-టెక్నికా ఏటీహెచ్-ఎం50ఎక్స్ 38 ఓమ్‌లు, 99 డెసిబెల్స్, కలిపితే 113. ఫోస్టెక్స్‌కి మిల్లీవాట్ లెక్కలో 92. దానికి 13 కలిపితే 105. షాపులో చెప్పే ఓమ్‌ల సూత్రానికి అందని విషయం ఈ ఒక్క కూడికతో బయటపడింది.

బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో ఇంకా మంచి ఉదాహరణ. అదే హెడ్‌ఫోన్ 32, 80, 250 ఓమ్‌ల రకాల్లో దొరుకుతుంది, సెన్సిటివిటీ మిల్లీవాట్‌కి 96. మీరే కలిపి చూడండి: 111, 107, 102. పేరు ఒకటే, రూపం ఒకటే, కానీ మొదటిదానికీ చివరిదానికీ 9 డెసిబెల్స్ తేడా. ఆన్‌లైన్‌లో డిస్కౌంట్ చూసి ఆర్డర్ పెట్టేముందు ఓమ్‌ల అంకె మళ్లీ ఒకసారి సరిచూసుకోమనేది ఇందుకే.

ఇప్పుడు మీ కాగితం. జాక్ ఉన్న ఫోన్లు సాధారణంగా అర వోల్టు నుంచి ఒక వోల్టు దాకా ఇస్తాయి. యాపిల్ టైప్‌-సి డాంగుల్ ఒక వోల్టు ఇస్తుంది. యూరప్‌లో అమ్మే రకం మాత్రం అర వోల్టే, కాబట్టి అక్కడున్న మనవాళ్లు కొనేముందు అది చూసుకోవాలి. ఇంకో మాట: కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకి ఈ డాంగుల్ తగిలిస్తే వాల్యూమ్ పూర్తిగా పెరగదు. అది హెడ్‌ఫోన్ లోపం కాదు. వోల్టేజీ సగమైతే 6 డెసిబెల్స్ తగ్గుతాయి. మీ ఫోన్ ఎంతిస్తుందో తెలియకపోతే అర వోల్టే అనుకుని, వచ్చిన మొత్తంలోంచి 6 తీసేయండి.

తీసేశాక ఎంత మిగిలితే చాలు? పాటలో సగటు శబ్దం కన్నా ఒక్కసారిగా వచ్చే మోతలు 15 నుంచి 20 డెసిబెల్స్ పైన ఉంటాయి. సగటున 75 నుంచి 80 దగ్గర వినాలంటే ఆ మోతల కోసం 100 దాకా చోటుండాలి. అర వోల్టుతో ఆ 100 రావాలంటే ఒక వోల్టు లెక్కలో కనీసం 106 ఉండాలి. నేనైతే 110 కన్నా తక్కువ తీసుకోమని చెప్పను. సినిమా పాటల రికార్డింగులు గట్టిగానే ఉంటాయి గానీ, పాత కచేరీ రికార్డింగులు చాలా తక్కువ స్థాయిలో ఉంటాయి. ఆలాపన మెల్లగా సాగి, తని ఆవర్తనంలో మృదంగం ఒక్కసారిగా పైకి లేస్తుంది. అలాంటివి వినేవాళ్లకి ఆ నాలుగు డెసిబెల్స్ నిజంగా అవసరం. డీటీ 770లో 250 ఓమ్‌ల రకం ఫోన్‌తో అసలు వినపడదని కాదు, వాల్యూమ్ చివరికి వచ్చేశాక ఇంక పెంచడానికి చోటుండదు.

చోటుంది కదా అని పెంచుకుంటూ పోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దలకి 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు హద్దు. 3 డెసిబెల్స్ పెంచితే ఆ గంటలు సగమవుతాయి: 83 దగ్గర 20, 86 దగ్గర 10. బస్సులోనో రైల్లోనో బయటి రొదను దాటించడానికి మనం తెలియకుండానే వాల్యూమ్ పెంచుతాం. మూసి ఉన్న హెడ్‌ఫోన్ విలువ అక్కడే తెలుస్తుంది. రొదను బయటే ఆపితే తక్కువ వాల్యూమ్ సరిపోతుంది, ఆంప్ అవసరం కూడా అంత తగ్గుతుంది.

కానీ అది చెవి చుట్టూ గాలి చొరబడకుండా కూర్చున్నప్పుడే. గ్యాస్కెట్ సరిగ్గా పట్టని కుక్కర్‌కి విజిల్ రానట్టే, ప్యాడ్ పక్క సందుంటే బేస్ నిలవదు. కళ్లద్దాల కాడ, జుంకాలు, చెవి వెనక నుంచి వచ్చే జడ, వీటిలో ఏదైనా ఆ సందు చేయగలదు. పరీక్ష సులువే. మృదంగం బాగా వినపడే ముక్క ఒకటి పెట్టి, రెండు కప్పులనీ అరచేతులతో మెల్లగా తలకి అదమండి. మృదంగం ఎడమ ముఖం నుంచి వచ్చే లోతైన మోత ఒక్కసారిగా నిండుగా వినిపిస్తే, చేతులు తీసినప్పుడు గాలి పోతోందన్నమాట. అది ఆంప్ కొంటే తీరే సమస్య కాదు. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు అవి పెట్టుకునే ఈ పరీక్ష చేయాలి. ఎండాకాలంలో చెమట పడుతుందని గుడ్డ ప్యాడ్లు వేయించుకునేవాళ్లున్నారు. చెవికి చల్లగానే ఉంటుంది గానీ రొదను ఆపే గుణం తగ్గుతుంది, బేస్ కూడా మారుతుంది. ప్రయాణాలకి తోలు లాంటి ప్యాడ్లే మేలు. అవి కొన్నేళ్లకి పెచ్చులూడతాయి కాబట్టి, విడిగా ప్యాడ్లు దొరికే మోడలే చూసుకోండి.

మోసుకుతిరగడం గురించి రెండు ముక్కలు. సోనీ మడత పడుతుంది, కానీ దాని చుట్టల వైరు ఊడదు, నడుస్తుంటే బరువుగా లాగుతుంది. డీటీ 770 మడత పడదు. ఎం50ఎక్స్ మడత పడుతుంది, వైరు ఊడుతుంది, పొట్టి వైరు కూడా పెట్టెలోనే వస్తుంది. హెచ్‌డీ 25 బరువు 140 గ్రాములే, కానీ చెవి చుట్టూ కాకుండా చెవి మీదే గట్టిగా కూర్చుంటుంది. జుంకాలు పెట్టుకునేవాళ్లు, గంటలకొద్దీ వినేవాళ్లు దాన్ని తలకి పెట్టి చూడకుండా కొనొద్దు. రోజూ సిటీ బస్సులో, మెట్రోలో తిరుగుతూ ఫోన్‌తోనే వినేవాళ్లు అడిగితే ఈ నాలుగింటిలో నేను ఎం50ఎక్స్ చెబుతాను. ఇంట్లో బల్ల దగ్గర కూర్చుని వినేవాళ్లకైతే సోనీ.

ఇంటిపని. ఇవి నేను కల్పించిన మూడు పెట్టెలు. మొదటిది: 24 ఓమ్‌లు, మిల్లీవాట్‌కి 98 డెసిబెల్స్. రెండోది: 300 ఓమ్‌లు, మిల్లీవాట్‌కి 103. మూడోది: 16 ఓమ్‌లు, ఒక వోల్టుకి 108. అర వోల్టు ఇచ్చే ఫోన్‌తో ఏది ఎంత దాకా వెళ్తుందో రాయండి. మూడోదానికి ఏమీ కలపకూడదు, ఎందుకో కూడా రాయండి. తర్వాత మీ ఇంట్లో ఉన్న హెడ్‌ఫోన్ పెట్టె వెతికి, దాని మీద అంకె ఏ లెక్కలో ఉందో చూడండి. జవాబులు నాలుగో పాఠం మొదట్లో ఇస్తాను. ఆ పాఠంలో పాత ల్యాప్‌టాప్ జాక్‌కి తగిలించినప్పుడు కొన్ని హెడ్‌ఫోన్లలో బేస్ ఎందుకు ఉబ్బుతుందో చూద్దాం. దానికి మీ హెడ్‌ఫోన్ ఓమ్‌లని ఎనిమిదితో భాగించి, ఆ అంకె కూడా కాగితం మీద రాసి ఉంచండి.