వెనక వరసలో కూర్చున్న మనిషి చేత సాక్ష్యం చెప్పించాలంటే

సాక్ష్యమంటే తన బతుకులో దేవుడు చేసినదాన్ని సంఘం ముందు చెప్పుకోవడం. ముందుగా ఒక మాట. ఎప్పుడూ నోరు విప్పని మనిషిని ఆరాధన మధ్యలో మైకులో పేరు పెట్టి పిలవకండి. అలా పిలిస్తే ఆమెకు టెన్షన్‌తో చెమటలు పడతాయి, మరుసటి ఆదివారం మందిరానికే రాదు. ఇంటికి వెళ్ళి అడగండి. అది కూడా పొద్దున పొయ్యి దగ్గర హడావుడిలో ఉన్నప్పుడు వద్దు. సాయంత్రం పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాక వెళ్ళండి.

మాది ఒంగోలు దగ్గర మద్దిపాడు వైపు ఒక పల్లె. పదిహేనేళ్ళుగా స్త్రీల సమాజం కూడికలు చూసుకుంటున్నాను. నెలకొకరి చేత సాక్ష్యం చెప్పించడం నా బాధ్యత. మొదట్లో నేను వేసిన జాబితా చూస్తే అందరూ టీచరమ్మలూ, బాగా పాడేవాళ్ళూ, పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూర్చునేవాళ్ళూ. బైబిల్లో రాజును ఎంచడానికి యెష్షయి ఇంటికి వెళ్ళిన సమూయేలు ప్రవక్త కూడా పెద్ద కొడుకు ఏలీయాబును చూసి ఇతడే అనుకున్నాడు. ఏడుగురు కొడుకులు ముందు నుంచి నడిచి వెళ్ళారు. ఎనిమిదోవాడిని కన్నతండ్రే పిలవలేదు, వాడు గొర్రెల దగ్గర ఉన్నాడు. రాజైన దావీదు వాడే. అందుకని మీరు జాబితా వేసేటప్పుడు కూడికకు వచ్చినవాళ్ళ మొహాలు మాత్రమే చూడకండి. చాపలు ఎవరు పరుస్తున్నారు, ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన) తర్వాత గ్లాసులు ఎవరు కడుగుతున్నారు, ఊళ్ళో ఎవరైనా పోతే రాత్రంతా ఎవరు కూర్చుంటున్నారు, ఆ లెక్క తీయండి.

అలా లెక్క తీస్తే నాకు కనిపించింది మా వీధిలో ఉండే ఒక వదిన. పొగాకు కూలికి వెళ్తుంది. పచ్చాకు విరిచే రోజుల్లో ఆమె చేతులకు జిగురు పట్టి నల్లగా అట్టకడుతుంది, సబ్బుకు వదలదు. మందిరంలో ఎవరైనా బైబిలు చేతికిస్తే పైట కొంగు అడ్డం పెట్టి పట్టుకునేది, పేజీకి మరక అవుతుందని. చదువు రాదు.

ఇక్కడే నేను పెద్ద తప్పు చేశాను. ఆమె మాట బాగుండాలని నేనే ఒక పేజీ రాసి, గ్రంథంలోని మాటలన్నీ పేర్చి, కూతురి చేత చదివించి బట్టీ పట్టించాను. ఆ ఆదివారం మూడో వాక్యం దగ్గర ఆగిపోయింది. కళ్ళు నేలకు దించుకుని వచ్చి కూర్చుంది. ఆర్నెల్లు కూడికకు రాలేదు. తప్పు నాదే. ఆమె బతుకు తీసేసి నా మాటలు ఆమె నోట్లో పెట్టాను.

మీరు ఎవరికీ రాసివ్వకండి. అడగండి, వినండి, అంతే. నేను మళ్ళీ ఆమె దగ్గరికి వెళ్ళి, క్షమించమని అడిగి, మూడే మాటలు అడిగాను: ఏం జరిగింది, దేవునితో ఏమని చెప్పుకున్నావు, తర్వాత ఏం చేశావు? చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత గట్టు తగాదాతో రెండేళ్ళు మాటల్లేని తోటికోడలి సంగతి ఎత్తింది. ఆ తోటికోడలి కూతురికి నొప్పులొచ్చిన రాత్రి ఈమె ప్రార్థనకు మోకరించిందట. "మోకాళ్ళ మీద కూర్చుంటే మాట రాలేదు వదినా. దాని మొహమే కనిపిస్తా ఉంది. ఇంక లేచి వాళ్ళింటికి పోయా." ఇంతే ఆమె సాక్ష్యం. దీనికి నేను కలపాల్సింది ఏమీ లేదు.

ఇలాంటి సంగతిలో ఇంకో మనిషి ఉంటే వాళ్ళను ముందే అడగాలి. మేం తోటికోడలిని అడిగాం, సరేనంది. ఒప్పుకోకపోతే ఆ భాగం వదిలేయాల్సిందే.

చదువు రానివాళ్ళకు ఒక్క వాక్యం చాలు, అదీ చెవితో నేర్పండి. నాలుగైదు భాగాలు చదివి వినిపించి, ఏది తగిలిందో వాళ్ళనే చెప్పనివ్వండి. మా వదిన నిర్గమకాండంలో దేవుడు మోషేను అడిగిన "నీ చేతిలోనిది ఏమిటి" అన్న మాట పట్టుకుంది. మోషే చేతిలో ఉన్నది గొర్రెలు కాసే కర్ర. అది విని తన చేతులు తిప్పి చూసుకుంది. వారం రోజులు ఆకు విరుస్తూ అదే అనుకుందట.

మొదటిసారి మందిరంలో వద్దు, పదిమంది ఉండే గృహ కూడికలో చెప్పించండి. ఐదు నిమిషాలు చాలు. మందిరంలో చెప్పే రోజు మైకు చూసుకునే అబ్బాయితో ఎకో పూర్తిగా తీసేయమనండి. అలవాటు లేనివాళ్ళు తమ గొంతు రెండుసార్లు వినపడితే బెదిరిపోతారు. మీరు ఆమెకు ఎదురుగా కనపడేలా కూర్చోండి. పరిచయం చేసేటప్పుడు "చదువు లేకపోయినా", "పేదరాలైనా" అనకండి. పేరు చెప్పండి, చాలు.

ఇలాంటివాళ్ళేం చెబుతారని సంఘంలో గొణిగేవాళ్ళు ఉంటారు. వాళ్ళకు మన జిల్లా సంగతే చెప్పండి. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర నడిపిన బడికి పెద్ద కులాల పిల్లలు వచ్చేవాళ్ళు. మాదిగ విశ్వాసులు చేరేసరికి ఆ పెద్దలు అభ్యంతరం చెప్పారు. దొర, దొరసాని వేరువేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ వచ్చింది మొదటి కొరింథీ మొదటి అధ్యాయంలో ఒకటే భాగం, లోకం లెక్కలో వెర్రివాళ్ళను, బలహీనులను దేవుడు ఏర్పరచుకున్నాడన్న మాట. తర్వాత కరువు వచ్చింది, కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్వకం జరిగింది. 1878 జూలై 3న మా పక్కనే వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్ళలో నిలబడి ఇచ్చింది దొర కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని. నేను ఆ ఏటి గట్టున నడిచినప్పుడల్లా ఆ ఆరుగురి గురించే ఆలోచిస్తాను.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. లోపాలున్నవాళ్ళను దేవుడు వాడుకుంటాడన్న మాటను తప్పు కప్పిపుచ్చడానికి వాడనివ్వకండి. దావీదును ఏర్పరచుకున్న దేవుడే, అతను పాపం చేసినప్పుడు నాతాను ప్రవక్తను పంపి "ఆ మనుష్యుడవు నీవే" అనిపించాడు. ఎవరినైనా మోసం చేసినవాళ్ళు, కొట్టినవాళ్ళు ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళి సరిచేసుకోవాలి, మైకు తర్వాత. తాగుడు మానేసి నెల కూడా కానివాళ్ళను వేదిక ఎక్కించకండి. చప్పట్ల బరువు వాళ్ళు మోయలేరు. కుర్చీలు వేసే పని ఇవ్వండి, పక్కన నిలబడండి.

సాక్ష్యం అయిపోయాక ఆ మనిషిని మర్చిపోవద్దు. తర్వాతి నెల ఎవరిని అడగాలో ఆమెనే అడగండి. మా వదిన చెప్పిన పేరు నాకు పదిహేనేళ్ళలో ఒక్కసారి కూడా తట్టలేదు. మందిరం గుమ్మం దగ్గర అందరి చెప్పులూ వరసగా సర్దే తాత. ఈ శుక్రవారం సాయంత్రం ఇద్దరం వాళ్ళింటికి వెళ్తున్నాం.