క్విటోలో స్పానిష్: మొదటి రెండు వారాలు ఎలా గడపాలి

స్పానిష్ నేర్చుకోవడానికి దక్షిణ అమెరికాలో ఏ ఊరు మంచిదని అడిగేవారికి నేను తడుముకోకుండా చెప్పే పేరు ఎక్వడార్ రాజధాని క్విటో. అక్కడివారి నోట అది ‘కీతో’. ఆండీస్ కొండల మీది ఈ ఊళ్ళో జనం పదాల చివరి ‘స్’ కూడా స్పష్టంగా వినిపించేలా, కాస్త నిదానంగా మాట్లాడతారు. అదే దేశంలో సముద్రతీరానికి దిగితే ఆ ‘స్’ గాలిలో కలిసిపోతుంది. పైగా ఇక్కడి భాషా పాఠశాలల్లో ఒక టీచరుకు ఒకే విద్యార్థి అన్న పద్ధతి మామూలే. ఉండడానికి ఒక కుటుంబం ఇంట్లో గది కూడా చాలా చోట్ల వారే చూసిపెడతారు. అయితే మనవాళ్ళు చేసే పొరపాటు ఒకటి ఉంది: స్పానిష్‌ను ఇంగ్లీషు దారిలో నేర్చుకోబోవడం. నేను కూడా మొదటి వారమంతా అదే చేసి తల బద్దలుకొట్టుకున్నాను.

ముందుగా ప్రయాణం సంగతి. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు ఎక్వడార్ వీసాను బయలుదేరే ముందే తీసుకోవాలి. అమెరికా మీదుగా వెళ్ళే టికెట్టు చవగ్గా కనిపించినా, అక్కడ విమానం మారడానికి కూడా అమెరికా వీసా కావాలన్న సంగతి మరిచిపోకూడదు. 2024 జనవరిలో ముఠాల హింస కారణంగా ఎక్వడార్ అధ్యక్షుడు అంతర్గత సాయుధ సంఘర్షణ ఉన్నట్టు ప్రకటించారు కాబట్టి, వెళ్ళే నాటికి పరిస్థితి ఎలా ఉందో తెలుసుకుని, పాఠశాలకు పగటిపూట నడిచి వెళ్ళగలిగినంత దగ్గరలోనే ఇల్లు అడగడం మంచిది. భూమధ్యరేఖ పక్కనే ఉన్నందువల్ల ఏడాది పొడవునా సాయంత్రం ఆరుంపావు ప్రాంతంలోనే పొద్దుగుంకుతుంది. చీకటి పడ్డాక నడకలు మానేసి, యాప్‌లో పిలిచిన టాక్సీ ఎక్కడమే క్షేమం.

విమానాశ్రయం ఊరికి తూర్పున, కాస్త దిగువన ఉన్న తబాబేలాలో ఉంటుంది. అక్కడినుంచి కారు పైకెక్కి ఊళ్ళోకి చేరేసరికి మీరు సుమారు 2,850 మీటర్ల ఎత్తున ఉంటారు. ఊటీ ఎత్తు 2,240 మీటర్లని గుర్తుచేసుకుంటే, నాలుగు మెట్లెక్కగానే ఆయాసం ఎందుకు వస్తుందో అర్థమవుతుంది. అందుకే దిగిన మర్నాడే క్లాసు పెట్టుకోకండి. రెండు రోజులు నీళ్ళు బాగా తాగి, తక్కువ తిని, నిద్రపోండి. తెలెఫెరికో అనే కేబుల్ కారు పిచించా కొండమీద దాదాపు 4,000 మీటర్ల దాకా తీసుకువెళుతుంది, దాన్ని రెండో వారానికి దాచుకోవాలి. చలిగా ఉంది కదా అని ఎండను తేలిగ్గా తీసుకోకూడదు. అంత ఎత్తున అది చర్మాన్ని త్వరగా మాడుస్తుంది.

ఇక ఇల్లు. నేను దిగిన ఇంటావిడ మొదటి రాత్రి నా చేతిలో తాళంచెవి పెడుతూ ‘తోమె లా ఝావె’ అన్నారు. ప్రయాణపు బడలికలో నాకు అది రాగి జావలాగే వినిపించింది; ఆకలి లేదండీ అన్నట్టు చేతులు ఊపాను. పుస్తకంలో ‘యావె’ అని నేర్చుకున్న మాటను ఇక్కడ చాలామంది ‘ఝావె’ అంటారని, ‘కాయె’ అనే వీధి ‘కాఝె’ అవుతుందని మూడోనాటికి గాని తెలియలేదు. కాబట్టి మొదటిరోజే, టీచరుతో వ్యాకరణం మొదలుపెట్టకముందే, ఈ ఊరి ఉచ్చారణలో మీ వీధి పేరు, ఇంటి సామాన్ల పేర్లు పలికించుకుని ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఇంట్లో పెద్దలను ‘ఉస్తెద్’ అనే సంబోధించాలి, అది మన ‘మీరు’. పిలిస్తే ‘కే?’ అనకుండా ‘మాందె?’ అనాలి, అది ‘ఏంటి?’కీ ‘చెప్పండి’కీ ఉన్నంత తేడా. భోజనం చేస్తున్నవారి పక్కనుంచి వెళ్తే, వారు అపరిచితులైనా, ‘బువెన్ ప్రొవెచో’ అనడం మర్యాద.

అసలు విషయానికి వస్తాను. రెండో వారం మొదట్లో ఇంటావిడ తలుపు దగ్గర రెండు చేతులా సంచులతో నిలబడి ‘దేమె అబ్రియెందో లా పువెర్తా’ అన్నారు. ఇంగ్లీషులోకి మార్చుకోబోతే అది ‘తెరుస్తూ నాకు ఇవ్వండి’ అన్న అర్థంలేని వాక్యమైంది. తెలుగులో అనుకుని చూస్తే ‘తలుపు తీసిపెట్టండి’! ముఖ్యంగా కొండప్రాంతపు ఎక్వడార్‌లో వినిపించే ఈ ప్రయోగం స్థానిక కిచ్వా భాష ప్రభావం వల్ల వచ్చిందని భాషావేత్తలు చెబుతారు. ఆ కిచ్వాలో కూడా మనలాగే క్రియ వాక్యం చివర వస్తుంది, ప్రత్యయాలు మాటకు అతుక్కుంటాయి. ఆరోజునుంచి నా నోటుపుస్తకంలో ఇంగ్లీషు గడి కొట్టేసి తెలుగు గడి గీసుకున్నాను, మీరు మొదటిరోజే ఆ పని చేయండి.

ఎందుకంటే ‘మె గుస్తా ఎల్ కఫే’ అంటే అక్షరాలా ‘నాకు కాఫీ ఇష్టం’. ఇంగ్లీషువారు వారాల తరబడి తికమకపడే ఈ నిర్మాణం మనకు ఉగ్గుపాలతో వచ్చింది. ‘వొయ్’ అంటే ‘వెళ్తాను’, కర్త అక్కర్లేదు. ‘ఉండు’ అనే అర్థానికి స్పానిష్‌లో సెర్, ఎస్తార్ అని రెండు క్రియలుండడం అందరినీ భయపెడుతుంది. మనం ‘ఆయన డాక్టరు’ అని క్రియ లేకుండా ఆపేసే చోట సెర్‌ను, ‘ఆయన ఇంట్లో ఉన్నారు’, ‘కాఫీ చల్లగా ఉంది’ అనే చోట ఎస్తార్‌ను వాడితే చాలావరకు సరిపోతుంది. చాలావరకే సుమా: ‘ఆమె పొడుగ్గా ఉంటుంది’ వంటి శాశ్వత లక్షణానికి మళ్ళీ సెర్ కావాలి. త, ద లు మన త, ద లే, కాబట్టి నాలుకకు శ్రమ లేదు. తెలుగు చేతులెత్తేసే చోట్లు కూడా ఉన్నాయి. బల్ల స్త్రీలింగమెందుకో, పుస్తకం పుంలింగమెందుకో అడగకుండా పదాన్ని ‘లా మేసా’, ‘ఎల్ లిబ్రో’ అని జంటగానే బట్టీ పట్టాలి. బ, వ అక్షరాలు రెండూ ఒకే ధ్వని అని చెవికి అలవాటు చేయాలి.

రోజుకు నాలుగు గంటల క్లాసు సాధారణం, కానీ ఎదురుగా ఒక్కరే కూర్చుని మాట్లాడించే చోట మూడో గంటకే మెదడు మొద్దుబారుతుంది. చివరి గంటను నడుస్తూ, పాతబస్తీలోని ప్లాసా గ్రాందె వైపో సంతకో వెళ్ళి చెప్పమని టీచరును అడగండి. 1978లో యునెస్కో ప్రకటించిన మొట్టమొదటి ప్రపంచ వారసత్వ స్థలాల్లో ఈ పాతబస్తీ ఒకటి.

తిండికి దిగులు పడనక్కర్లేదు. నీరు సుమారు 90 డిగ్రీలకే మరిగే ఎత్తు గనుక వంటింట్లో ప్రెషర్ కుక్కర్ కూత వినిపిస్తుంది. మెనెస్త్రా అనే పప్పు, అన్నం, పక్కన మిరపకాయలు నూరిన ఆహీ కనిపిస్తాయి. శాకాహారులు ‘కార్నె వద్దు’ అంటే చాలదు, అది ప్రధానంగా గొడ్డుమాంసమే కాబట్టి కోడి, చేప పేర్లు కూడా చెప్పాలి.

డబ్బు 2000 నుంచీ అమెరికా డాలరే, కానీ ఇరవై నోటుకు చిల్లర దొరకదు. ‘నో తియెనె స్వెల్తో?’ (‘చిల్లర లేదా?’) అన్నది సంతలో మీరు మొదట వినే ప్రశ్న. రెండో శనివారం నేను మెర్కాదో సెంత్రాల్‌లో ఒక డాలరు నాణేలు లెక్కపెట్టి ఇచ్చి, మన సీతాఫలానికి పెద్దన్నలాంటి చిరిమోయాలు కొన్నాను. సంచి అందుకుంటూ, టీచరు నేర్పిన కిచ్వా మాట గుర్తొచ్చి, ‘ఇ లా యాపా?’ అన్నాను, అంటే ‘మరి కొసరు?’ అని. పండ్లమ్మే ఆవిడ నావైపు ఒకసారి, పక్క కొట్టావిడవైపు ఒకసారి చూసి, నవ్వుతూ ఒక గ్రనదియా పండు తీసి సంచిలో వేసింది.